పోని ఫ్యూజు, ఎండిన గుంత

మా అనంతపురం కార్యాలయంలో కరెంటు వార్త ఏది వచ్చినా నా బల్ల మీద పడేసేవారు. విలేకరిని కాకముందు నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. చదివిన చదువుకు ఉద్యోగం దొరక్క, తాలూకా వార్తలు రాస్తూ రాస్తూ పత్రికలోకి వచ్చిపడ్డాను. మిగతావాళ్లు వోల్టుకూ వాట్‌కూ తేడా లేకుండా రాసి తెస్తే నేను దిద్దేవాణ్ని. దిద్దేవాడికి కొంచెం గీర ఉంటుంది. నాకు కొంచెం కంటే ఎక్కువే ఉండేది.

ఇప్పుడు ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లు కనిపించినప్పుడల్లా, మీరు రాసిన వాటిలో గొప్ప వార్త ఏది అని అడుగుతారు. గొప్పవి చెప్పుకోవడానికి చాలామంది సీనియర్లు ఉన్నారు. నేను తప్పుగా రాసినది ఒకటి చెబుతాను. అందులో ఒక్క అంకె కూడా నేను కల్పించలేదు. కూడికలోనూ భాగహారంలోనూ పొరపాటు లేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ కూర్చున్న కుర్చీలోంచి లేచి అటూ ఇటూ తిరుగుతాను.

ఎనభైల మొదట్లో, వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం. కళ్యాణదుర్గం నుంచి రాయదుర్గం పోయే దారికి కొంచెం లోపలగా ఒక చిన్న ఊరు. ఊరి చివర ఒక చేతిపంపు. దాన్ని అక్కడ బోరింగు అంటారు. అందులో నీళ్లు ఆగిపోయి ఏడాది దాటింది. భూమిలోకి దిగిన ఇనుప గొట్టం కాబట్టి ఎద్దులను కట్టేయడానికి మాత్రం పనికొస్తూ ఉండేది. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం సుడిగాలి లేచి, రెండు స్తంభాల మధ్య కరెంటు తీగ ఒకటి తెగింది. తెగిన కొస వచ్చి బోరింగు మీద పడింది. ఒక రైతు ఎద్దుల జత అప్పుడు దానికే కట్టేసి ఉంది.

మొదటి ఎద్దు పడినచోటే పోయింది. రెండోది గొట్టానికి దూరంగా గుంజుకుంటూ, రెండడుగులు వెనక్కి, ఒకడుగు ముందుకు, అలా పావుగంట కొట్టుకుంది. ఊరంతా చుట్టూ నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేకపోయింది. తాడు కోస్తానని కొడవలి పట్టుకుని ఉరికిన రైతును నలుగురు గట్టిగా పట్టుకున్నారు. లైన్‌మన్ అప్పుడు పనిమీద పక్క ఊళ్లో ఉన్నాడు. సైకిల్ మీద వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకేసరికి అరగంట అయింది. అప్పటికి రెండో ఎద్దు కూడా చచ్చిపోయింది.

తెగిన తీగ భూమిలోకి దిగిన ఇనుప గొట్టం మీద పడితే కరెంటు ఒక్కసారిగా నేలలోకి పోవాలి. అంత కరెంటుకు ఫ్యూజు తీగ కరిగిపోవాలి. సరఫరా దానంతటదే ఆగాలి. ఫ్యూజు పెట్టేదే అందుకు. అది కరిగి ఉంటే రెండో ఎద్దయినా దక్కేది. అది ఎందుకు కరగలేదన్నదే ప్రశ్న.

కళ్యాణదుర్గంలో కరెంటాఫీసుకు వెళ్లేసరికి సెక్షన్ ఆఫీసరు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆయన నలభై ఏళ్ల మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులు పెట్టుకునేవాడు.

"ఇంకేముండాదప్పా, ఫ్యూజులో లావు వైరు ఏసింటాడు," అన్నాడు. "మాటిమాటికీ ఫ్యూజు పోతే ఎక్కి దిగల్లంటే వీల్లకు బద్ధకం. అల్యూమినియం పోగు ఒకటి చుట్టేస్తారు. అది యాడ కాలుతాది? ఎద్దులు సచ్చినాక పీకి, మంచి వైరు ఏసి పెట్టినాడు. సస్పెండు చేసినాం. విచారణ అయితానే ఇంటికి పంపుతాం."

ఆ మాట నమ్మదగ్గదే. ఆ రోజుల్లో పల్లెల్లో ఫ్యూజు బదులు చేతికందిన తీగ చుట్టడం అందరికీ తెలిసిన అలవాటు. అయినా నేను పాలిటెక్నిక్ వాణ్ని. ఎర్తు రిజిస్టరు చూపించమన్నాను. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన రెండు గుంతలుంటాయి. వాటిలో ఇనుప గొట్టం దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ కూరి, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ను, అంటే కరెంటు తిరిగి చేరే కొసను, నేలకు కలుపుతారు. ఆ గుంత నేలకు ఎంత బాగా అతుక్కుందో ఆరు నెలలకోసారి కొలిచి ఓముల్లో రాయాలి. అంకె ఎంత చిన్నదైతే గుంత అంత మంచిది. ఆ ఊరి పేరుకు ఎదురుగా రెండు గుంతలకూ రెండేసి ఓములని రాసి ఉంది. చక్కటి దస్తూరి.

అక్కడినుంచి ఆ ఊళ్లోనే ఉండే లైన్‌మన్ ఇంటికి వెళ్లాను. ముప్పై అయిదేళ్లుంటాయి. ధర్మవరం నేత కుటుంబం నుంచి వచ్చినవాడు. "మగ్గం గుంతలో కూచోల్యాక స్తంభాలెక్కినా సార్," అన్నాడు నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"లావు వైరు ఏసినావా?" అని అడిగాను.

"లేద్సార్. ముప్పై ఆంపియర్ల వైరే. పీకినప్పుడు సూసుకున్నా, పోగు పోగు మాదిరే ఉండాది."

"మల్ల ఏంటికి కాలల్యా?"

"అదే నాకూ తెలీకుండా ఉండాది సార్. నా కండ్లతో సూసినా కాబట్టి చెప్తాండా. ల్యాకపోతే నేనే నమ్మను."

"ఎర్తు గుంతకు నీళ్లు పోస్తాండావా?"

వేసవిలో గుంత ఎండిపోకుండా వారానికి నాలుగు కడవలు పోయాలని నియమం. అది లైన్‌మన్ బాధ్యత. అతను కాసేపు తన కాలి బొటనవేలు చూసుకున్నాడు.

"పోస్తాండా సార్. డైరీలో ఉండాది."

ఆ కాసేపును నేను గమనించాను. గమనించి, నాకు కావలసిన అర్థం తీసుకున్నాను. ఫ్యూజు గురించి అబద్ధం చెబుతున్నాడు కాబట్టి కళ్లు దించాడు అనుకున్నాను.

ఆఫీసుకు తిరిగివచ్చి తెల్ల కాగితం మీద లెక్క వేశాను. లెక్క గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఆ లెక్క మీదే ఒక మనిషి ఉద్యోగం ఆగి ఉంది. ఏసీ కరెంటు ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు చేరడానికి దారిలో ఉన్న మొత్తం అడ్డంకిని ఇంపీడెన్స్ అంటారు. ఇక్కడ మొదటి బిందువు ట్రాన్స్‌ఫార్మర్‌లో తీగ బయలుదేరే చోటు. రెండోది దాని న్యూట్రల్. మధ్యలో తీగ, బోరింగు గొట్టం, నేల, ఎర్తు గుంతలు. ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవాటిని కూడాలి. పక్కపక్కన ఉన్న రెండు గుంతలను కూడకూడదు. దారులు రెండైతే అడ్డంకి తగ్గుతుంది, రెండూ రెండూ కలిసి ఒకటే అవుతుంది. ఏసీకి తీగలో ఎదురయ్యే రియాక్టెన్సు అనే మరో రకం అడ్డంకిని మామూలు అడ్డంకితో నేరుగా కలపకూడదు. ఆ రెంటినీ లంబకోణ త్రిభుజం భుజాలుగా పెట్టి కర్ణం తీయాలి. అక్కడ మూడూ నాలుగూ కలిస్తే అయిదే.

ఇవన్నీ నాకు నోటికొచ్చు. గుంతల అంకె రిజిస్టరు నుంచి తీసుకున్నాను. బోరింగు గొట్టం అంకె పాఠ్యపుస్తకం నుంచి. మొత్తం మూడు ఓములకు కాస్త పైన తేలింది. రెండు వందల నలభై వోల్టులను దానితో భాగిస్తే డెబ్బై అయిదు ఆంపియర్లు దాటింది. ముప్పై ఆంపియర్ల ఫ్యూజు అంత కరెంటుకు కరిగి తీరాలి. కరగలేదు కాబట్టి అక్కడున్నది ముప్పై ఆంపియర్ల తీగ కాదు. "ఫ్యూజు ఎందుకు పోలేదు?" అని శీర్షిక పెట్టి, లెక్కతో సహా రాశాను. మొదటి పేజీ అడుగున వేశారు. లైన్‌మన్ పేరు రాయలేదు. ఊరు రాశాక పేరెందుకు? ఆ ఊరికి ఉన్నది ఒక్క లైన్‌మనే.

మా డెస్కులో పెద్దాయన భుజం తట్టాడు. రెండు రోజులు ఎక్కడికి పోయినా ఆ వార్త మాటే. మూడో రోజు ఒక కార్డు వచ్చింది. నీలం సిరా, వంకర అక్షరాలు.

"అయ్యా, తమరి లెక్క సరిగ్గా ఉన్నది. అంకెలు ఎక్కడివి?"

సంతకం లేదు. కింద "మీటర్ల టెస్టింగ్ షెడ్డు, అనంతపురం" అని మాత్రం ఉంది.

ఆ కార్డును చొక్కా జేబులో పెట్టుకుని ఒక పూట తిరిగాను. తీసి చదవడం, మళ్లీ పెట్టుకోవడం. మధ్యాహ్నం భోజనం వదిలేసి షెడ్డుకు వెళ్లాను. అక్కడ పదవీ విరమణకు దగ్గరపడిన టెస్టరు ఒకాయన, కళ్లజోడుకు దారం కట్టుకుని, ఒక మీటరు మూత విప్పుతున్నాడు.

"ఎవురు, పేపరాయనా? రా, కూసో. కార్డు అందిందా?"

"అందింది. అంకెలు రిజిస్టరువి."

"రిజిస్టర్లో ఎంతుండాది?"

"రెండు."

"పోయినేడు?"

"రెండు."

"అంతకుముందు, వాన పడినేడు?"

అప్పటికి నా గొంతు తగ్గింది. "అప్పుడూ రెండే."

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "భూమి తడిసింది, ఎండింది, నెర్రెలిచ్చింది. అంకె మటుకు కదల్యా. నీకు అనుమానం రాల్యా? నా సర్వీసంతా ఈ జిల్లాలోనే. మండు ఎండల్లో రెండు ఓములు సూపించిన గుంతను నేను ఇంతవరకూ సూడల్యా." పైన అరలో ఉన్న ఒక చెక్కపెట్టె చూపించాడు. "గుంతలు కొలిచే మీటరు అదే. ఆ సెక్షనోల్లు దాన్ని ఆఖరుసారి తీస్కపోయి మూడేండ్లు దాటింది. ఈడ సంతకాల పుస్తకం ఉండాది, కావల్లంటే సూడు. మీటరు ల్యాకుండా ఎట్ల కొలిచినారు? పెన్నుతో కొలిచినారు."

"ఇది మీరు పైవాళ్లకు చెప్పొచ్చు కదా?"

"నన్ను ఎవురు అడిగినారప్పా? అడగని మాటకు జవాబిస్తే నాకు మెమో ఇస్తారు. నువ్వు పేపరోడివి, నీ పనే అడిగేది. రెండు బిందువులూ ఆ ఊర్లో ఉండాయి. నువ్వు లెక్క అనంతపురంలో కూసోని ఏసినావు."

ఆయన కోపంగా అనలేదు. అని, మళ్లీ స్క్రూలు తీయడంలో పడ్డాడు. నేను తిరిగివచ్చి మా డెస్కు పెద్దాయనకు చెప్పాను, ఇంకోటి రాస్తానని. ఆయన వినలేదు.

"విచారణ కానీవయ్యా. పోయిన వారం వాడే దొంగ అన్నాం, ఈ వారం కాదేమో అంటే మన మాట ఎవడు వింటాడు? నీ దగ్గర కొలత ఉందా? లేదు. ఒక ముసలాయన అనుమానం ఉంది."

నిజమే, నా దగ్గర కొలత లేదు. ఆ తర్వాత పది రోజులు నేను ఏ పనీ కుదురుగా చేయలేదు. కలెక్టరాఫీసు సమావేశానికి వెళ్లి మధ్యలో లేచివచ్చాను. ఒకరోజు కళ్యాణదుర్గం బస్సెక్కి సగం దారిలో దిగిపోయి, ఎదురుగా వచ్చే బస్సులో వెనక్కి వచ్చాను. అక్కడికి వెళ్లి ఆ లైన్‌మన్‌కు ఏం చెప్పాలో తెలియలేదు. విచారణ ఎలా జరుగుతుందో కనుక్కుంటే ఇంకా భయం వేసింది. రిజిస్టరు చూస్తారు, డైరీ చూస్తారు, వాంగ్మూలం తీసుకుంటారు, అరగంట పని. కాగితాలన్నీ ఒకే మాట చెబుతున్నాయి. కాగితాల మీదే నడిస్తే అతని ఉద్యోగం పోయినట్టే.

చివరికి విచారణ జరపబోయే డివిజనల్ ఇంజినీరు దగ్గరికే వెళ్లాను. తక్కువ మాట్లాడే మనిషి. గుంతలు కొలిపించమని అడిగాను. ఆయన ఫైలు తెరిచి నా వైపు తిప్పాడు. అందులో నా వార్త అంటించి ఉంది. పక్కన ఎర్ర పెన్సిల్‌తో గీత.

"నువ్వే గదయ్యా మూడు ఓములని రాసినావు? మా పని సగం చేసిపెట్టినావని మావాళ్లు సంతోషంగా ఫైల్లో పెట్టినారు."

"ఆ అంకె నేను కొలిచింది కాదు సార్. రిజిస్టరు నుంచి తీసుకున్నది. రిజిస్టరు నిజం కాదేమో."

"ఏమో అంటే నేను మీటరు తెప్పించల్లా? రాసిస్తావా?"

ఆయన ముందే ఒక తెల్ల కాగితం తీసుకుని రాశాను. నేను ప్రచురించిన అంకె కొలిచి చెప్పినది కాదు, దాని ఆధారంగా ఎవరినీ దోషిగా తేల్చవద్దు, స్వయంగా కొలిపించవలసిందిగా కోరుతున్నాను అని. ఆ కాగితం మా యాజమాన్యం చేతికి పోతే నా ఉద్యోగం గురించి కూడా ఆలోచించుకోవలసిందే. ఆయన చదివి, నా వార్త పక్కనే గుచ్చాడు.

విచారణ రోజున ఉదయం పదిగంటలకు ఆ ఊళ్లో దిగాం. జీపులో ఇంజినీరు, సెక్షన్ ఆఫీసరు. వెనక సీటులో చెక్కపెట్టె ఒళ్లో పెట్టుకుని టెస్టరు పెద్దాయన. నేను బస్సులో వచ్చి రోడ్డు నుంచి నడిచాను. లైన్‌మన్ ఇస్త్రీ చేసిన ఖాకీ బట్టలు వేసుకుని ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. నాకు తిరిగి పెట్టడానికి చేతులు రాలేదు. ఎద్దుల రైతు కాస్త దూరంగా గొంతుక్కూర్చున్నాడు. అంతకుముందే నీళ్ల ట్యాంకరు వచ్చినట్టుంది, ఆడవాళ్లు కడవలతో వరసలో ఉన్నారు. రెండు రోజులకు ఒకసారి వచ్చేది ఆ ట్యాంకరు.

పెద్దాయన గుంత నుంచి అడుగులు కొలుచుకుంటూ వెళ్లి రెండు చోట్ల ఇనుప మేకులు దిగగొట్టాడు. నేల ఎంత గట్టిగా ఉందంటే మేకు దిగినప్పుడు మట్టి కాదు, పొడి లేచింది. వైర్లు కలిపి, పెట్టె ముందు కూర్చుని పిడి తిప్పాడు. ముల్లు కదిలి ఆగింది.

"నూట నలభై," అన్నాడు.

రెండో గుంత నూట యాభై. రెండూ కలిస్తే డెబ్బై పైచిలుకు. తరువాత బోరింగు గొట్టం కొలిచాడు. ఆ గొట్టం అడుగున ఇప్పుడు నీళ్లు లేవు, ఎండిన బండ సందులో వేలాడుతోంది. తొంభై.

మొత్తం నూట అరవై దాటింది. నేను మూడు అని రాసిన చోట నూట అరవై. కరెంటు ఒకటిన్నర ఆంపియరు. ఇస్త్రీ పెట్టెకు కూడా చాలదు. ముప్పై ఆంపియర్ల ఫ్యూజుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఎద్దుకు మాత్రం అది ఎక్కువే.

సెక్షన్ ఆఫీసరు ముఖం తుడుచుకున్నాడు. "మీటరు చెడిపోయిందేమో సార్. పాతది గదా."

"మీటరు బాగుండాది సాబ్," అన్నాడు పెద్దాయన. "కావల్లంటే గుంతల్లో నీల్లు పోయించి మల్ల తిప్పుతా. ముల్లు కిందికి రాకపోతే మీటరుదే తప్పు. నా మీదే రాసుకోండి."

ఇంజినీరు తల ఊపాడు. "నాలుగు కడవలు తెప్పించండి."

సెక్షన్ ఆఫీసరు ట్యాంకరు వైపు చెయ్యి ఊపుతూ కేకేశాడు. "ఏమ్మా, నాలుగు కడవల నీల్లు ఈడికి తెండి. బిన్నా."

ఎవరూ కదల్లేదు. వరసలో రెండో స్థానంలో ఉన్న ఒక పెద్దామె నడుము మీద చెయ్యి పెట్టుకుని ఇటు తిరిగింది.

"ఏంటికప్పా నీల్లు?"

"గుంతలో పోయల్ల."

"గుంత తాగుతాదా? మేం తాగేదానికి ల్యాక కడవల అడుగు ఒంపుకోని సస్తాంటే, గుంతకు దాహమైతాండాదా మీకు?"

వరస వరసంతా నవ్వింది. ఆమెకు ఊపు వచ్చింది.

"ఈ యప్ప గూడా ఇట్లే వస్తాండె కడవ పట్టుకోని." లైన్‌మన్‌ను వేలితో చూపించింది. "అమ్మా, వారానికి నాలుగు కడవలు గుంతకు ఇడవండి, రూలు ఉండాది అని. రూలు నీ ఇంట్లో పెట్టుకో పో అంటిమి. ఇంగోసారి కడవ పట్టుకోని వస్తే కడవ పగలగొడతామంటిమి. పాపం, మల్ల రాల్యా."

నవ్వు ఆగిపోయింది. ఏం చెప్పిందో ఆమెకు ఇంకా తెలియలేదు. ఇంజినీరు లైన్‌మన్ వైపు తిరిగాడు.

"డైరీలో ప్రతివారం పోసినట్టు రాసినావు?"

"రాసినా సార్."

"పోసినావా?"

"లేద్సార్." గొంతు స్పష్టంగా ఉంది. "ఉగాది కాడ్నుంచి ఒక్క కడవ పోయల్యా."

"ఈ మాట ముందే చెప్పింటే నీ మీద లావు వైరు కేసు వచ్చేదే కాదు గదా?"

"యాడ చెప్పేది సార్. డైరీ అబద్ధమని ఒప్పుకోవల్ల, అదొకటి. ఊరోల్లు నీల్లు పోయనీయల్యా అని చెప్తే, తప్పు ఊరోల్లదే అని ఆ ఎద్దులాయప్పకు పరిహారం ఎగ్గొడతారు. అదొకటి. నీల్లు పోసినా అంటే ఫ్యూజు కేసు. ఏది చెప్పినా ఎవురో ఒకరు పోతారు. ఊరికే ఉండినా."

అతను ఊరికే ఉండటాన్ని నేను అబద్ధమని అర్థం చేసుకున్నాను.

గొంతుక్కూర్చున్న రైతు అప్పుడు లేచాడు. ఎవరితోనూ మాట్లాడకుండా వరస దగ్గరికి వెళ్లి, తన ఇంటివాళ్ల రెండు కడవలు ఎత్తుకుని వచ్చాడు. వెనక నుంచి ఆయన భార్య "యాడికి తీస్కపోతాండావు?" అని అరిచింది. ఆయన వెనక్కి చూడలేదు.

"ఎద్దులకని రెండు కడవలు ఎక్కువ పట్టుకుంటాంటిమి సార్," అన్నాడు ఇంజినీరుతో. "ఇంగ అవి ల్యావు గదా. ఇంట్లో ఆయమ్మ అలవాటు తప్పక పట్టింది. పోయండి, సూడండి. ఆ యప్ప ఫ్యూజు సంగతేందో తేల్చండి."

పెద్దాయన చెరొక గుంతలో ఒక కడవ పోయించాడు. నీళ్లు పడుతుంటే గుంతలోంచి బుస్సుమని చప్పుడు వచ్చింది, పొయ్యి మీద పోసినట్టు. కాసేపు ఆగి పిడి తిప్పాడు. ముల్లు ఈసారి వంద దాకా కూడా పోకుండా నలభై దగ్గరే ఆగింది. ఇంజినీరు అంకె రాసుకుని, పెన్ను మూత పెట్టి, రిజిస్టరు ఏదని అడిగాడు.

నెల తిరిగేలోగా సస్పెన్షన్ ఎత్తేశారు. ఫ్యూజు ఆరోపణ కొట్టేశారు. నీళ్లు పోయకుండా పోసినట్టు రాసినందుకు లైన్‌మన్‌కు ఒక ఇంక్రిమెంటు ఆపి, చిలమత్తూరు వైపు బదిలీ చేశారు. రిజిస్టరులో మూడేళ్లు రెండు రెండని రాసిన సెక్షన్ ఆఫీసరు అనంతపురానికే బదిలీ అయ్యాడు, అది ఆయన చాలాకాలంగా అడుగుతున్నదే. రైతుకు పరిహారం వచ్చింది, కానీ ఆ డబ్బుతో ఎద్దులు కొనలేదని విన్నాను. మేపు ఎక్కడుంది?

నేను రెండో వార్త రాశాను. నా మొదటి అంకె తప్పని అందులో ఒక వాక్యం ఉంది. నాలుగో పేజీలో వేశారు, వేరుశెనగ ధరల పక్కన. డెస్కు పెద్దాయనతో దీని మీద గొడవపడ్డాను. "సవరణ మొదటి పేజీలో వేసే పత్రిక ఎక్కడుందో చూపించు, నేనూ అక్కడే చేరతాను," అన్నాడు.

చాలా నెలలకు కళ్యాణదుర్గం బస్టాండులో లైన్‌మన్ కనిపించాడు. చిలమత్తూరు నుంచి ఇంటికి పోతున్నాడు. టీ తాగుదామంటే వచ్చాడు. క్షమించమని అడగాలనుకుని, "నేను మళ్లీ రాసింది చూశావా?" అని అడిగాను.

"సూసినా సార్. లోపలి పేజీలో. బాగుండాది." టీ ఊదుకున్నాడు. "మా ఊర్లో మటుకు మొదటిదే గోడకు ఉండాది."

"ఏ గోడకు?"

"టీ అంగడి గోడకు. మన ఊరు పేపర్లో పడిందని అంగడాయప్ప మైదా బంకతో అంటించినాడు. మా ఇంటికి దాని ముందర్నుంచే పోవల్ల."

"చింపేయొచ్చు కదా?"

"నేను చింపితే ఏమనుకుంటారు సార్? తప్పు చేసినోడు గాబట్టి చింపినాడంటారు."

ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పలేదు. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు. మరుసటి రోజు ఉదయం నేను ఆ ఊరి బస్సెక్కాను. ఈసారి సగంలో దిగలేదు.

టీ అంగడి గోడ మీద కాగితం పొగకు పసుపెక్కింది. బంక గట్టిది. గోటితో అంచు లేపుతుంటే అంగడాయన టీ గిన్నె వదిలేసి వచ్చాడు.

"ఏందన్నా, పేపరు చింపుతాండావు? మా ఊరిదది."

"నేనే రాశాను దీన్ని."

ఆయన ముఖం వెలిగింది. "నువ్వేనా? బలే రాసినావన్నా! ఊరంతా సదివినాం. లెక్క గూడా ఏసినావు."

"ఆ లెక్క తప్పు," అన్నాను.

బల్ల మీద కూర్చున్నవాళ్లు ఇటు తిరిగారు. చింపుతూనే చెప్పడం మొదలుపెట్టాను. రిజిస్టరు, చెక్కపెట్టె, నూట నలభై, నూట యాభై, కడవలు, డైరీ, అన్నీ. ఎందుకు ఊరికే ఉన్నాడో కూడా. మొదటి వార్తను జిల్లా అంతా చదివింది. దాని సవరణను ఆ ఉదయం తొమ్మిది మంది విన్నారు. ఇద్దరు టీ అయిపోగానే లేచి వెళ్లిపోయారు. మిగిలిన ఏడుగురిలో ఒక ముసలాయన చివరిదాకా విని, గ్లాసు కింద పెట్టి, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. గోడ మీద ఇంకా అంటుకుని ఉన్న ముక్కను తన గోటితో గీకడం మొదలుపెట్టాడు.